నయమయ్యేదాకా

ఇంటి నుంచి,
వానలు తగ్గుముఖం పట్టాక

వదిన గారికి,

ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఇప్పుడు ఆ మాట రాయాలంటే ముందు యంత్రాన్ని అడగాలి. ఈ పూట పచ్చగా వెలిగింది కాబట్టి కులాసాయే.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటున్నారేమో. మీరు కనుక్కుని మమ్మల్ని చేర్పించిన ఈ కార్యక్రమంలో మొదటి నియమం, మొగుడూ పెళ్ళాల ఫోన్లు ఒకరికొకరు తెరిచి ఉంచాలని. దాపరికం ఉన్నచోట తాగుడు దాక్కుంటుందట. నేను మీకు ఫోనులో రాసే ప్రతి మాటా మీ తమ్ముడు చదవొచ్చు. చదువుతున్నారు కూడా. అందుకని కాగితం పట్టాను. జవాబు కింద వాటాలో ఉండే కుట్టుపని ఆవిడ పేర వేయండి. ఆవిడకు చెప్పి ఉంచాను.

యంత్రం బొటనవేలంత ఉంటుంది. ఒక చివర గొట్టం, ఇంకో చివర చిన్న దీపం. పొద్దున్న కొట్టుకు వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి, ఫోను ఎదురుగా కూర్చుని మొహం తెరమీద గుండ్రంలో ఇరికించి, గొట్టంలోకి ఊదాలి. తాగకపోతే దీపం పచ్చన, తాగితే ఎరుపు. పచ్చగా వెలగగానే ఫోనులోంచి ఒకమ్మాయి “అద్భుతం, మరో రోజు గెలిచారు” అంటుంది. మోటార్లకు తీగ చుట్టే మనిషి, ఎవరు మెచ్చుకున్నా చిరాకుపడే మనిషి, ఆ మాట పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవడం లేదు.

నన్ను ఆయనకు ‘తోడు’గా రాసుకున్నారు. ప్రతి సాయంత్రం నా ఫోనుకు ప్రశ్నలు వస్తాయి. ఈ రోజు మీ మనిషి తాగారా? సరిగా భోంచేశారా? ఆయనతో ఒక మంచి మాట మాట్లాడారా? ఆ జవాబులను బట్టి నాకు మార్కులు. ఆదివారం రిపోర్టు మీకూ వస్తుందన్నారు, చూస్తూనే ఉంటారు. బడి మానేశాక నాకు మార్కులు వేసినవాళ్ళు వీళ్ళే. పప్పుల డబ్బాలు సర్దినంత శ్రద్ధగా జవాబులు నింపుతున్నాను.

ఇక అసలు సంగతి. తాగుడు ముదిరి ఆయన్ని చేర్చినప్పుడు ఆసుపత్రి మెట్ల మీద మీతో అన్న మాట నేను వెనక్కి తీసుకోలేదు. తాగుతున్న మనిషిని వదిలి వెళ్ళను. నయమయ్యాక ఉండను. ఆరు నెలలు వరసగా పచ్చదీపం వెలిగితే నయమైనట్టు కాగితం ఇస్తారు, తోడు బాధ్యత తీరిపోతుంది. ఆడపిల్లల హాస్టల్లో స్టోరూ వంటిల్లూ చూసుకునే పెద్దావిడ వేసవిలో మానేస్తోంది. ఆ పని, ఆవిడ ఉండే గది నాకే అని మాటిచ్చారు. “ముందు వాణ్ణి నిలబెట్టు, తరవాత నీ ఇష్టం, ఈ సంగతి నా నోరు దాటదు” అన్నారు మీరు. ఆ ఒక్క మాట ఆసరాగా రోజులు గడుపుతున్నాను.

మీ మరదలు


కళ్ళద్దాల కొట్టు,
మధ్యాహ్నం, బేరం లేని వేళ

మరదలికి,

నీ ఉత్తరం కొట్లోనే చదివాను. ఎదురుగా ఒకాయన ఫ్రేము మీద ఫ్రేము పెట్టుకుని అద్దంలో తన మొహాన్ని తానే మెచ్చుకుంటున్నాడు. ఆయన తేలే లోపల రెండుసార్లు చదివేశాను. చివరికి మొదట పెట్టుకున్న ఫ్రేమే తీసుకున్నాడు. మగవాళ్ళకు అంత తిరిగితే గానీ మొదటిదే బాగుందని తెలియదు. ఈ మాట నీకోసం రాయలేదులే, ఊరికే తోచింది.

ఆదివారం రిపోర్టు వచ్చింది. పై నుంచి కింది దాకా పచ్చగా ఉంది. కొట్టుకొచ్చిన ఇద్దరికి చూపించాను కూడా, ఏం రిపోర్టని చెప్పకుండా. అమ్మ పోయాక వాణ్ణి పెంచినదాన్ని. వాడి పేరు పక్కన మంచి రంగు చూసి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. నీ మార్కులు కూడా చూశాను. తగ్గితే కదా చెప్పుకోవాలి. డబ్బాలకు పేర్లు రాసి అంటించే మనిషివి, అందులో ఏం ఉందో తెరవకుండా తెలిసే మనిషివి. నీకు తక్కువ వేస్తే ఆ యంత్రానికే కళ్ళద్దాలు కావాలి.

మెట్ల మీది మాట నాకు గుర్తుంది. మాట మాటే. కాకపోతే ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వాడు నిజంగా మంచి మనిషయ్యాక కూడా వెళ్ళాలనే అనిపిస్తుందా? అది అప్పుడు చూసుకుందాంలే. ఇప్పుడే హాస్టల్ గదికి కర్టెన్లు కొలవకు.

మీ వదిన


ఇంటి నుంచి,
చలి మొదలయ్యాక

వదిన గారికి,

పచ్చదీపం పచ్చగానే ఉంది. ఆయన మానేశారు. ఇందులో అనుమానం లేదు. పొద్దున్నే లేస్తున్నారు. చేతులు వణకడం లేదు. వెంట్రుకంత సన్నం తీగ చుట్టాల్సిన మోటార్లు మళ్ళీ ఒప్పుకుంటున్నారు. ఇవన్నీ ముందు రాస్తున్నాను, తరవాత రాసేది చదివి ఆయన మీద కక్షతో రాశానని మీరనుకోకుండా.

వారానికోసారి ఫోనులో బృందం కూర్చుంటుంది. దూరదూరాల వాళ్ళు నలభై మందిదాకా, అందరూ మానేస్తున్నవాళ్ళూ వాళ్ళ తోడులూ. ఒక్కొక్కరు తమ కథ చెప్పుకోవాలి. మీ తమ్ముడు బాగా చెబుతున్నారని పేరొచ్చింది. మొన్న వంటింట్లో ఉండి విన్నాను. అన్నం కంచం నా మొహాన విసిరిన రోజు గురించి చెప్పారు. కనుబొమ్మ చీలి రక్తం కారుతుంటే నేను ముందు నేల తుడిచానట. డాక్టరు దగ్గర అల్మరా తలుపు తగిలిందని చెప్పానట. అన్నీ నిజమే. నాకు గుర్తులేనివి కూడా ఆయనకు గుర్తున్నాయి, నా చీర రంగుతో సహా. గొంతు ఎక్కడ ఆపాలో అక్కడ ఆపారు. తెర నిండా ఎర్రటి హృదయం గుర్తులు కురిశాయి. ఎంత నిజాయితీ అన్నారు. ఎంత ధైర్యం అన్నారు.

నా కనుబొమ్మ మీద మచ్చ సంగతి ఇప్పుడు నలభై మందికి తెలుసు. ఆ మచ్చ గురించి ఆయన నాతో ఈనాటి వరకూ ఒక్క మాట మాట్లాడలేదు.

తరవాతి వారం ‘క్షమాపణ మెట్టు’ వచ్చింది. నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఫోను చూసి చదివారు: “నా వల్ల నీకు కలిగిన బాధకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను.” చదవడం అయ్యాక తల ఎత్తకుండానే, “నీ ఫోనుకొచ్చింది చూడు, నొక్కు” అన్నారు.

రెండు గడులున్నాయి. ‘క్షమించాను’ అని ఒకటి. ‘ఇంకొంచెం సమయం కావాలి’ అని ఇంకొకటి. మూడో గడి లేదా అని అడిగాను. మూడోది ఏముంటుంది అన్నారు ఆయన, నిజంగానే తెలియక.

సమయం కావాలని నొక్కాను. నా మార్కులు తగ్గాయని వెంటనే చెప్పింది ఫోను. మర్నాడు సలహాదారు అమ్మాయి మాట్లాడింది. పాపం మెత్తటి గొంతు. నేను సరిగా నిద్రపోతున్నానా అని అడిగి, గాలి నెమ్మదిగా పీల్చి వదలడం నేర్పింది. పీల్చి వదిలాను.

మీ మరదలు


కళ్ళద్దాల కొట్టు

మరదలికి,

ఒక మీట నొక్కడానికి నీకేం పోయింది? వాడు చదివి చెప్పాడు, ఒప్పుకుంటాను. చదవకుండా చెప్పడం మా ఇంట్లో ఎవరికి వచ్చు గనక? మా నాన్న చివరి రోజుల్లో కూడా మంచినీళ్ళు కావాలని అడగలేదు, గ్లాసు ఖాళీగా ఉందన్నాడు.

ఆదివారం నీ పేరు పక్కన పసుపు రంగొచ్చింది. వాడు నాకు ఫోను చేసి, అక్కా పసుపంటే ఏమిటి అని అడిగాడు. ఏం చెప్పమంటావు? ఇంత కష్టపడి మానేసినవాడికి అలాంటి రోజున ఒక ముద్ద పెట్టినట్టు ఆ ఒక్క మాట ఇస్తే పోయేది. నువ్వు గట్టిదానివని అందరికీ తెలుసు, రోజూ రుజువు చేయనక్కర్లేదు.

కొంచెం మెత్తబడు. ఏం పోగొట్టుకోబోతున్నాడో వాడికి తెలుసు. తెలిసే ఇంత చేస్తున్నాడు.

వదిన


ఇంటి నుంచి

వదిన గారికి,

ఎర్రదీపం వెలిగింది.

కాగితం చేతికి రావడానికి వారం ఉందనగా. సాయంత్రం ఇంటికొచ్చి, స్నానాల గదిలోకి వెళ్ళొచ్చి, ఎప్పటిలాగే కూర్చుని ఊదారు. ఎరుపు. రెండోసారి ఊదమంది, మళ్ళీ ఎరుపే. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. యంత్రాన్ని తుడిచి డబ్బాలో పెట్టి భోజనానికి కూర్చున్నారు.

పక్కన కూర్చుని వడ్డించాను. ఇన్నేళ్ళు ఆ వాసనతో కాపురం చేసినదాన్ని, వీధి మలుపులో ఉండగానే పసిగట్టగలను. వాసన లేదు. మాట తేడా లేదు. కళ్ళు తేటగా ఉన్నాయి. ఈ రోజు మీ మనిషి తాగారా అన్న ప్రశ్నకు లేదు అని రాశాను. సలహాదారు అమ్మాయి ఫోను చేసింది. యంత్రం అబద్ధం చెప్పదనీ, ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ కప్పిపుచ్చడం మామూలేననీ, అలా చేస్తే ఆయనకే చేటనీ ఓపికగా చెప్పింది. ఇన్నేళ్ళూ తాగినా తాగలేదని అబద్ధం చెబితే అందరూ నమ్మారు, ఇప్పుడు తాగలేదని నిజం చెబితే అది అబద్ధం కింద రాసుకున్నారు.

లెక్క మళ్ళీ మొదటికి వెళ్ళాలి. కానీ ఆ అమ్మాయి దయతలిచి, మూడు వారాలు మచ్చ లేకుండా గడిస్తే ఈ ఒక్కసారికి మన్నించి కాగితం ఇప్పిస్తానంది. హాస్టల్ వాళ్ళకు కొంచెం ఆగమని కబురు చేశాను. ఆగుతామన్నారు, కానీ ఎక్కువ కాదు.

మీ మరదలు


కళ్ళద్దాల కొట్టు

మరదలికి,

ఏమన్నావు వాణ్ణి?

ఊరికే తాగడు. అయిదు నెలల పైగా పళ్ళు బిగబట్టి నిలబడ్డవాడు ఇంకో వారం ఉందనగా పడిపోయాడంటే ఇంట్లో ఏదో జరిగి ఉంటుంది. గడి నొక్కకపోవడం ఒకటి నాకు తెలుసు. తెలియనివి ఇంకేమున్నాయి? బీరువా సర్దడం మొదలుపెట్టావా? హాస్టల్ వాళ్ళతో వాడి ఎదుట మాట్లాడావా?

మూడు వారాలు నోరు మెత్తగా పెట్టుకో. వాడి కోసం కాకపోతే నీ హాస్టల్ కోసమైనా.

వదిన


ఇంటి నుంచి,
ఎండలు ముదిరాక

వదిన గారికి,

మూడు వారాలు నోరు మెత్తగానే పెట్టుకున్నాను. చివరి రోజు సాయంత్రం మళ్ళీ ఎరుపు. ఈసారి నేను యంత్రాన్ని చూడలేదు, ఆయన్ని చూశాను.

చిగుళ్ళ నొప్పికి నోరు పుక్కిలించే మందు ఒకటి కొన్నాం, నీలం రంగు సీసా. నొప్పి ఎప్పుడో తగ్గింది. స్నానాల గది అరలో అది వెనక ఉంటుంది, నేనే పెట్టాను. ఆ సాయంత్రం అది ముందుకొచ్చింది. తువ్వాలు ఇవ్వడానికి వెళ్ళేసరికి ఆయన ఆ మందు నోట్లో పోసుకుని, అద్దం ముందు బుగ్గలు ఉబ్బించి నిలబడి ఉన్నారు. ఉమ్మేసి, నీళ్ళతో కడుక్కోకుండా, తిన్నగా వచ్చి ఊదారు.

యంత్రంతో వచ్చిన కాగితం నేను మొదటిరోజే చదివాను. ఊదేముందు పావుగంట నోట్లో ఏమీ వేసుకోకూడదనీ, పుక్కిలించే మందుల్లో సారాయి అంశ ఉంటుందనీ అందులో ఉంది. మర్నాడు ఆయన కొట్టుకెళ్ళాక నేను ఆ మందు పుక్కిలించి నా ఫోను ముందు ఊదాను. నా మొహం సరిపోలలేదని ఫోను గొణిగింది గానీ దీపం మాత్రం ఎర్రగా వెలిగింది. నలభై తొమ్మిదేళ్ళ వయసులో నేనూ తాగుబోతునయ్యాను.

తాగి తాగలేదని యంత్రాన్ని ఏమార్చేవాళ్ళ గురించి బృందంలో చాలాసార్లు విన్నాను. తాగకుండా తాగానని చూపించే మనిషి ఈ ప్రపంచంలో ఆయన ఒక్కరే అయ్యుంటారు. ఎందుకలా చేశారని రెండు రోజులు ఆలోచించాను. రెండుసార్లూ సరిగ్గా కాగితం రాబోయే ముందే. కాగితం వస్తే ఎవరికి లాభం? ఆయనకు కాదు, ఆయనకు నయమై చాలా కాలమైంది. నాకు.

కాగితం వస్తే నేను వెళ్ళిపోతానని ఆయనకెలా తెలుసు? నేను చెప్పలేదు. హాస్టల్ వాళ్ళకు ఆయనెవరో తెలియదు. “ఏం పోగొట్టుకోబోతున్నాడో వాడికి తెలుసు” అని మీరు రాసిన ఉత్తరం తీసి మళ్ళీ చదివాను.

ఎప్పుడు చెప్పారు? అది ఒక్కటి రాయండి చాలు.

మరదలు


కళ్ళద్దాల కొట్టు

మరదలికి,

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజే చెప్పాను. నువ్వు మందులు తేవడానికి వెళ్ళావు. వాడు మంచం అంచున కూర్చుని, ఇప్పుడు మానేసి నేనేం చేయాలి అక్కా అని అడిగాడు. నవ్వుతూ కాదు. నిజంగా అడిగాడు. నా దగ్గర ఇవ్వడానికి వేరే ఏమీ లేదు. నీ పెళ్ళాం వెళ్ళిపోదామనుకుంటోంది, నీకు నయమయ్యేదాకా మాత్రం ఉంటానంది అని చెప్పాను. ఆ మాటకు భయపడి బాగుపడతాడనుకున్నాను. బాగుపడ్డాడు కూడా. మానిపించింది ఆ గొట్టమూ కాదు, ఫోనులో అమ్మాయీ కాదు. ఆ మాట.

అది వాడు ఇలా అర్థం చేసుకుంటాడని నేనేం కలగన్నానా? నయమయ్యేదాకా ఉంటుందంటే నయం కాకుండా ఉంటే సరి అనుకున్నాడు. చిన్నప్పుడూ అంతే. జ్వరం తగ్గితే నేను బడికెళ్ళిపోతానని థర్మామీటరు వేడినీళ్ళలో ముంచేవాడు.

నన్ను నిలదీస్తున్నావు, సరే. నా తమ్ముడు. నీకిచ్చిన మాటా, వాడి ప్రాణమూ రెండూ నా చేతిలో ఉంటే ఏది వదలాలో నేను ఆలోచించలేదు, ఇప్పుడైనా ఆలోచించను. నీకు తమ్ముళ్ళు లేరు.

పోనీ ఒక్క మాట అడుగుతాను. తాగని మొగుడు, తిట్టని మొగుడు, నువ్వు పోతావేమోనని దొంగ ఎరుపు వెలిగించుకునే మొగుడు. ఇంతకన్నా ఏం కావాలే నీకు?

వదిన


హాస్టల్,
స్టోరు పక్క గది

వదిన గారికి,

చిరునామా చూసి మీకు తెలిసిపోయి ఉంటుంది. వచ్చేశాను. మీరు వింటే ఆయన నోటనే వింటారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మీ ఉత్తరం అందిన మర్నాడు మధ్యాహ్నం కొట్టుకు వెళ్ళాను. పెళ్ళయ్యాక నేను ఆ కొట్లో అడుగుపెట్టింది చాలా తక్కువ. వార్నీషు వాసన, కాలిపోయిన తీగ చుట్టలు, గోడకు వేలాడే అచ్చులు. ఆయన ఒక మోటారుకు తీగ చుడుతున్నారు. చుట్టు లెక్క తప్పితే మోటారు కాలిపోతుంది, అందుకని తల ఎత్తకుండా ఒక వేలు చూపి ఆగమన్నారు. ఆగాను. నీలం సీసా బల్ల మీద పెట్టి నిలబడ్డాను. చుట్టడం పూర్తిచేసి, తీగ తెంపి, కొస ముడివేశాక అప్పుడు సీసా చూశారు.

“చుక్క ముట్టలేదు,” అన్నారు.

“తెలుసు.”

“అక్క చెప్పింది. నయమయ్యేదాకా ఉంటానన్నావట.”

“అన్నాను.”

“అయితే నాకింకా నయం కాలేదు.”

ఇంత మామూలుగా చెప్పారు వదినా, మోటారు ఇంకా తయారుకాలేదు రేపు రండి అని బేరగాళ్ళతో చెప్పినట్టు. నాకు కోపం రాలేదు. కోపం వస్తుందనుకునే వెళ్ళాను. ఒక్క మాట మాత్రం అడిగాను, ఉండమని మీరెప్పుడైనా నన్ను అడిగారా అని.

ఆయన చేతికంటిన వార్నీషు గోటితో గీక్కున్నారు. “అడిగితే ఉంటావా?” అన్నారు.

ఉండనన్నాను.

“అందుకే అడగలేదు.”

మా కాపురంలో ఆయన చదవకుండా చెప్పిన నిజమైన మాట అదొక్కటే. అది విన్నాక నేను ఇంటికి వచ్చి ఆయన బట్టలు మడిచి, మందుల వేళలు కాగితం మీద రాసి గోడకు అంటించి, నా చీరలు సర్దుకున్నాను. వెళ్ళేరోజు ఆయన నా సంచీ పట్టుకుని వీధి చివరిదాకా వచ్చారు. ఎక్కడికని అడగలేదు. బస్సెక్కాక కిటికీ మూసిపెట్టుకో, దుమ్మొస్తుంది అన్నారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటుంది. యంత్రం లెక్కలో నేను వదిలింది తాగుతున్న మనిషిని. బృందంలో నలభై మందీ అదే నమ్ముతారు. మా వీధీ అదే నమ్ముతుంది. నేను తాగుతున్న మనిషిని వదలలేదు. దానికోసమే ఇన్నేళ్ళు ఆగాను, మీకు తెలుసు. ఆయన చెప్పరు, ఆయనకు ఆ ఎరుపు తప్ప మిగిలింది లేదు. మీరు చెప్పండి. నేను వెళ్ళేనాటికి మీ తమ్ముడు తాగడం లేదని ఒక్కసారి అందరి ముందూ చెప్పండి. నోరు దాటదన్న మాట దాటించారు కదా, దీన్ని కూడా దాటించండి.

మరదలు


తమ్ముడి ఇంటి నుంచి

మరదలికి,

కొట్టు మూసి ఇక్కడికొచ్చాను. ఇప్పుడు తోడు నేనే. ప్రశ్నలు నా ఫోనుకే వస్తున్నాయి. నీ డబ్బాల మీద పేర్లుండబట్టి వంట చేయగలుగుతున్నాను.

నువ్వడిగినట్టే చేశాను. చేయలేదనుకుంటావని ముందే రాస్తున్నాను. బృందం కూర్చున్న రోజున వాడి పక్కనే కూర్చుని, నా మరదలు వెళ్ళేనాటికి వీడు తాగడం లేదు, నోరు పుక్కిలించే మందుతో ఎర్రదీపం వెలిగించాడు, దానికి కారణం నేను వీడికి చెప్పిన మాట అని ఉన్నదున్నట్టు చెప్పాను. గొంతు ఆపాల్సినచోట ఆపడం నాకు చేతకాలేదు. ఏడ్చాను.

వాళ్ళు హృదయం గుర్తులు కురిపించారు. ఎంత మంచి అక్క అన్నారు. తమ్ముడి తప్పు తన మీద వేసుకుంటోందన్నారు. ఒకాయన, మా అక్క కూడా ఇలాగే కప్పిపుచ్చేది అని కళ్ళు తుడుచుకున్నాడు. వాడు నా పక్కన కూర్చుని తెర మీది ఆ గుర్తుల్నే చూస్తున్నాడు. మర్నాడు సలహాదారు అమ్మాయి ఫోను చేసి నన్ను ఓదార్చి, గాలి పీల్చి వదలమంది.

ఇక అసలు సంగతి. వాడు తాగుతున్నాడు. నిజంగా. నువ్వు వెళ్ళిన రెండో వారం మొదలుపెట్టాడు. కొట్టు సగం రోజులు తెరవడం లేదు. తీగ చుట్టలేకపోతున్నాడు. ఇంటికొచ్చి కూర్చుని బుద్ధిగా ఊదుతాడు, ఎరుపు వెలుగుతుంది. యంత్రానికి తేడా తెలియలేదు. అప్పుడు వచ్చిన మెసేజే ఇప్పుడూ వస్తోంది, అక్షరం మారలేదు. ‘పడిపోవడం ప్రయాణంలో భాగం’ అట. తేడా నాకు తెలుస్తోంది, వాసన చూసేదాన్ని నేను కదా.

నిన్న చేతిలో గ్లాసు పెట్టుకుని, ఇప్పుడిది దొంగ ఎరుపు కాదుగా అక్కా అన్నాడు.

తాగుతున్న మనిషిని వదలనన్నావు. అది నీ మాట, నాది కాదు. ఇప్పుడు తాగుతున్నాడు. నీ మాట నిజమైతే రా. రెండు నెలలుండి నిలబెట్టి వెళ్ళు. ఈసారి వాడికేమీ చెప్పను.

వదిన


హాస్టల్,
స్టోరు పక్క గది

వదిన గారికి,

మీ ఉత్తరం స్టోరులో బియ్యం బస్తాల మధ్య నిలబడి చదివాను. చదివి గదికొచ్చి సంచీ కిందకు దించాను. అబద్ధమెందుకు. నాలుగు చీరలు పెట్టాను కూడా. ఇక్కడి వార్డెన్ గారిని సెలవడిగితే, వెళ్ళిరా గానీ రెండు నెలలంటే ఇంకొకరిని చూసుకోవాలి అంది. అందులో ఆవిడ తప్పేమీ లేదు, ఇక్కడ పూట పూటకూ వంద కంచాలు లేవాలి.

చీరలు మడుస్తూ ఆలోచించాను. నేను వస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నేను గుమ్మంలో అడుగుపెట్టిన రోజే ఆయన మానేస్తారు. మీరు సంతోషంతో ఏడుస్తారు. చేతుల వణుకు తగ్గుతుంది, మోటార్లు తిరుగుతాయి, దీపం పచ్చబడుతుంది. తరవాత ఆరో నెల దగ్గరపడగానే ఒక సాయంత్రం ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు. ఆ సీసా పారేస్తే ఇంకో సీసా కొంటారు. అప్పుడు మీరు మళ్ళీ, ఇంతకన్నా ఏం కావాలే అంటారు.

నేనుంటే ఆయనకు నయం కాదు. లేకపోతే తాగుతారు. ఈ రెండింటిలో ఏది మంచిదో మీరూ ఆయనా తేల్చుకోండి. రెండింటిలోనూ నేను గొట్టం చివర దీపాన్నే, మనిషిని కాను.

ఆయన తాగుతున్నారని తెలిసి ఈ పూట నాకు ముద్ద దిగలేదు. ఇది మీకు సంతోషం కలిగిస్తుందేమోనని రాస్తున్నాను. వీధి చివర నిలబడి కిటికీ మూసుకోమన్న మనిషి గుర్తొచ్చారు. అయినా సంచీలోంచి చీరలు తీసి అరలో పెట్టాను.

రాను వదినా.

తాగుతున్న మనిషిని వదలనని అన్న మాట నేను తప్పాను. అలాగే రాసుకోండి. తాగుతున్న మొగుణ్ణి వదిలేసి తన దారి తాను చూసుకుందని బృందంలో చెప్పండి, వీధిలో చెప్పండి. ఇది మాత్రం అందరూ నమ్ముతారు.